సముద్రం పనికి జీతం ఇవ్వండి, ఆ పిల్లల్ని మా బడులకు పంపండి

సముద్ర పరిశోధన సంస్థల పెద్దలకు, ఆంధ్రప్రదేశ్ అటవీశాఖ అధికారులకు, తెలంగాణ పాఠశాల విద్యాశాఖ వారికి,

నమస్కారం.

హైదరాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో నేను జువాలజీ చెబుతాను. దసరా సెలవులు అయిపోగానే ఫైనలియర్ పిల్లలు సిఫార్సు లేఖల కోసం స్టాఫ్‌రూమ్‌కి రావడం మొదలవుతుంది. ఎక్కువమంది ఎమ్మెస్సీ సీట్ల కోసం అడుగుతారు, కొందరు ల్యాబ్ ఉద్యోగాల కోసం. ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు మాత్రం తిమింగలాల మీదో, డాల్ఫిన్ల మీదో, సముద్ర తాబేళ్ల మీదో సీజన్ పనికి దరఖాస్తు పెడుతున్నామని చెబుతారు. సంతోషంగా రాసిస్తాను. కొందరు సెలెక్ట్ అవుతారు కూడా. అయినా చాలామంది వెళ్లరు. ఆ పనికి జీతం ఉండదు. తిండి, గది, ప్రయాణం ఎవరివి వాళ్లే చూసుకోవాలి. కొన్నిచోట్ల శిక్షణ ఫీజు పేరుతో ఎదురు కట్టాలి.

నేను మిమ్మల్ని అడిగేది ఒక్కటే. జనవరి నుంచి జూన్ దాకా తీరం మీద పరిశోధన పని, జూన్ నుంచి డిసెంబరు దాకా హైదరాబాద్ బడుల్లో సముద్రం పాఠం. రెండూ కలిపి ఒక ఏడాది కొలువు, దానికి నెలనెలా జీతం. ఇందులో తీరం పని మీలో కొందరి చేతిలో ఉంది, బడి ఇంకొకరి చేతిలో ఉంది, అందుకే ముగ్గురికీ కలిపి రాస్తున్నాను. ఇది ఎందుకు కావాలో, ఎలా కుదురుతుందో వివరంగా చెబుతాను. దయచేసి చివరిదాకా చదవండి.

తిమింగలాల పరిశోధన సీజన్ పని ఎందుకయిందంటే తిమింగలాలే సీజన్ ప్రకారం తిరుగుతాయి కాబట్టి. అమెరికా ఈశాన్య తీరంలో మెయిన్ అనే అఖాతం ఉంది. అక్కడికి హంప్‌బ్యాక్ తిమింగలాలు చలి తగ్గాక వస్తాయి. నెలల తరబడి చిన్న చేపలు తిని ఒళ్లు చేసి, మళ్లీ చలికాలానికి పిల్లల్ని కనడానికి కరీబియన్ వెచ్చటి నీళ్లకు వెళ్లిపోతాయి. అందుకని అక్కడ పనంతా దాదాపు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే. ఆ నెలల్లో, కాలేజీ చదువు అప్పుడే ముగించిన పిల్లలు టూరిస్టు పడవలు ఎక్కుతారు. తిమింగలం కనపడగానే టైమ్, జీపీఎస్ స్థానం, ఎన్ని ఉన్నాయి, పక్కన పిల్ల ఉందా, మేత మేస్తోందా, ఊరికే తేలుతోందా, సముద్రం ఎంత కదులుతోంది, అన్నీ ఫారమ్‌లో రాస్తారు. లోతుకు మునిగేముందు హంప్‌బ్యాక్ చాలాసార్లు తోక పైకెత్తుతుంది. ఆ రెండు మూడు సెకన్లలో తోక అడుగు భాగం ఫోటో తీయాలి. అక్కడి నలుపు తెలుపు మచ్చలు, అంచుల్లో గంట్లు ఏ రెండు తిమింగలాలకూ ఒకేలా ఉండవు. సాయంత్రం ఒడ్డుకొచ్చాక ఆ ఫోటోల్ని పాత కేటలాగ్‌తో పోల్చి, కనపడింది ఏ తిమింగలమో తేలుస్తారు. వీపు రెక్క మీద తెల్ల మచ్చలున్న ఒక ఆడ తిమింగలానికి 1970ల్లో సాల్ట్ అని పేరు పెట్టారు. దాని బిడ్డల్ని, ఆ బిడ్డల బిడ్డల్ని కూడా ఇలాగే గుర్తుపడుతూ వచ్చారు.

అదే పడవలో, అదే అమ్మాయో అబ్బాయో మైకు పట్టుకుని టూరిస్టులకు మాట్లాడతారు. ఈ తిమింగలం ఏం తింటుంది, దాని ఒంటి మీద ఆ గీతలు ఎలా పడ్డాయి, చేపల వలల తాళ్లు చుట్టుకుంటే ఏమవుతుంది అని చెబుతారు. లెక్కలు రాసిన చెయ్యే జనానికి చూపించి చెప్పడం ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి. మన దగ్గర ఈ రెండింటినీ విడదీసేశాం. లెక్క రాసేవాళ్లు రిపోర్టులకే పరిమితం, బడిలో చెప్పేవాళ్లు సముద్రమే చూసి ఉండరు.

ఈ ఫారాలు నింపితే ఏమొస్తుందని అడుగుతారేమో. బోస్టన్ రేవుకు వెళ్లే ఓడల దారి స్టెల్‌వాగన్ బ్యాంక్ అనే మెరక ప్రాంతం మీదుగా ఉండేది. అక్కడ మేత ఎక్కువ, అందుకే తిమింగలాలూ ఎక్కువ. పాతికేళ్లపాటు పోగైన లెక్కల్ని శాస్త్రవేత్తలు ఓడల దారి పటం మీద పరిచి చూశారు. ఆ లెక్కల్లో చాలా భాగం ఇలాంటి పడవల మీద నుంచి రాసినవే. దారిని కాస్త ఉత్తరానికి తిప్పితే తిమింగలాల్ని ఓడలు ఢీకొనే ముప్పు 81 శాతం తగ్గుతుందని తేలింది. 2007లో ఆ దారిని మార్చారు. ఓడలకు అదనంగా పట్టే సమయం అరగంట కూడా లేదు. కాలేజీ నుంచి అప్పుడే బయటికొచ్చిన పిల్లలు ఎండలో, గాలిలో నిలబడి నింపిన కాగితాలు అంతర్జాతీయ ఓడల దారిని జరిపాయి. ఈ సంగతి క్లాసులో చెప్పినప్పుడల్లా వెనక బెంచీ పిల్లలు కూడా తలెత్తి వింటారు.

అమెరికా దాకా ఎందుకు, పక్కనే శ్రీలంక ఉంది. దక్షిణాన మిరిస్సా దగ్గర డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా నీలి తిమింగలాలు కనిపిస్తాయి. వాటి మీద ఏళ్లుగా పనిచేస్తున్న ఆశా డి వోస్ ఆ దేశం అమ్మాయే. ఆ నీళ్ల మీదుగానే ప్రపంచంలో బాగా రద్దీ ఉన్న ఓడల దారి ఒకటి పోతుంది. ఓడలు తగిలి తిమింగలాలు చనిపోతున్నాయని, దారిని దక్షిణానికి జరపాలని శాస్త్రవేత్తలు చాలాకాలం మొత్తుకున్నారు. చివరికి 2022లో ఎంఎస్‌సీ అనే పెద్ద షిప్పింగ్ కంపెనీ తన ఓడల్ని సుమారు 15 నాటికల్ మైళ్లు దక్షిణంగా నడపడానికి తనంతట తానే ఒప్పుకుంది. అక్కడా ఆధారం లెక్కలే. ఎక్కడ, ఏ నెలలో, ఎన్ని కనిపించాయన్న లెక్కలు.

మన సముద్రాల తిమింగలాల సంగతి ఇంకా సున్నితమైనది. హిందూ మహాసముద్రానికి ఉత్తరాన ఆసియా ఖండం అడ్డం. ఇక్కడి నీలి తిమింగలాలు మిగతావాటిలా మేత కోసం అంటార్కిటికా దాకా పోకుండా, రుతుపవనాల వెంబడి మేత పుట్టే చోటల్లా ఈ నీళ్లలోనే తిరుగుతాయని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. అరేబియా సముద్రపు హంప్‌బ్యాక్‌లు కూడా వలస పోవు. ఒమన్ తీరంలో వాటిని లెక్కకట్టిన శాస్త్రవేత్తలకు తేలిన అంచనా వందలోపే. 1966 చివర్లో సోవియట్ వేట ఓడలు వాటిలో 238ని చంపేశాయి. అది చాటుగా సాగిన వేట. దశాబ్దాల తర్వాత గానీ ఆ లెక్క బయటికి రాలేదు. 2017 చివర్లో ఒమన్ దగ్గర శాటిలైట్ ట్యాగ్ పెట్టిన లుబాన్ అనే ఆడ తిమింగలం అరేబియా సముద్రం దాటి మన పశ్చిమ తీరానికి వచ్చి వెళ్లింది. హిందూ మహాసముద్రాన్ని 1979లోనే తిమింగలాల అభయారణ్యంగా ప్రకటించారు. వేట ఆగింది. కానీ ఓడలు, వలలు, ప్లాస్టిక్, నీళ్లలో మోత ఆగలేదు. ఈ తిమింగలాలు ఎక్కడికీ పోయేవి కావు, ఇంకెవరో చూసుకుంటారులే అనుకోవడానికి లేదు.

మరి తెలుగు తీరం? పేపర్లో తిమింగలం వార్త సాధారణంగా రెండు సందర్భాల్లోనే చూస్తాం. ఒకటి, అంబర్‌గ్రిస్ అమ్ముతూ ఎవరైనా పోలీసులకు దొరికినప్పుడు. అది స్పెర్మ్ తిమింగలం పేగుల్లో, అరగని స్క్విడ్ ముక్కుల చుట్టూ పేరుకునే పదార్థం. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద మన దేశంలో దాన్ని దగ్గర పెట్టుకోవడం, అమ్మడం నేరం. ఆ వార్తలో కోట్ల రూపాయల సంగతే ఉంటుంది, తిమింగలం సంగతి ఉండదు. రెండోది, ఏదైనా ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు. 2023 జులైలో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి నీలి తిమింగలం కళేబరం వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వచ్చి ఫోటోలు దిగారు. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి ఒడ్డుకు తిమింగల సొర ప్రాణాలతో వచ్చింది. అది తిమింగలం కాదు, చేపల్లోకెల్లా పెద్ద చేప. అటవీశాఖ వాళ్లు, మత్స్యకారులు, వన్యప్రాణి కార్యకర్తలు కలిసి దాన్ని మళ్లీ నీళ్లలోకి పంపారు. ఆ రోజు ఆ ఒడ్డున పనిచేసిన ప్రతి ఒక్కరికీ నా నమస్కారం. అయితే అలాంటి రోజున ఒడ్డుకు మొదట చేరే మనిషికి ఏం చెయ్యాలో తెలిసి ఉండటం ఇప్పటికీ అదృష్టం మీదే ఆధారపడి ఉంది.

నా పూర్వ విద్యార్థిని ఒకమ్మాయి ఉంది. శ్రీకాకుళం వైపు మత్స్యకారుల కుటుంబం. చదువు కోసం హైదరాబాద్‌లో మేనమామ ఇంట్లో ఉండేది. ఒక సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఒడ్డున చచ్చిన డాల్ఫిన్ పడి ఉందని తెలిసి పరుగెత్తింది. అక్కడి నుంచి నాకు వీడియో కాల్ చేసింది. చుట్టూ జనం. ఒకాయన దాని వీపు మీద పిల్లవాణ్ణి కూర్చోబెట్టి ఫోటో తీస్తున్నాడు. ఈ పిల్ల అందర్నీ బతిమాలి పక్కకు జరిపింది. చేతులకు పాలిథిన్ కవర్లు తొడుక్కుని, టైలర్ దగ్గర అడిగి తెచ్చిన టేపు పట్టుకుంది. టేపు ఒంటి వంపు మీదుగా వెయ్యకూడదు, పక్కన ఇసుక మీద తిన్నగా పరవాలి. పై దవడ కొన నుంచి తోక మధ్యలో ఉండే గంటు దాకా కొలిచింది. పళ్లు లెక్కపెట్టింది. వీపు రెక్క రెండు వైపులా, కళ్లు, తోక ఫోటోలు తీసింది. ముక్కు చుట్టూ సన్నగా, లోతుగా ఒక గీత ఉంది, చర్మం తెగి లోపలి తెల్లటి కొవ్వు కనపడుతోంది. "వల తాడు మేడమ్" అంది. అప్పటిదాకా నవ్వుతున్నవాళ్లు కూడా మాట్లాడలేదు. అరగంట తర్వాత పంచాయతీ వాళ్లు వచ్చి పూడ్చేశారు. ఆ కొలతలు, ఫోటోలు ఆ పిల్ల ఫోన్లో ఉన్నాయి. ఎవరికి పంపాలో మా ఇద్దరికీ తెలిసిన దారి ఒక్కటే, తెలిసినవాళ్లకు తెలిసినవాళ్లు.

ఆ తర్వాత జరిగింది మీరు వినాలి. కొంతసేపటికి ఆ ఊరి పెద్దాయన ఒకాయన ఆ పిల్లని పక్కకు పిలిచి, డాల్ఫిన్లు వలలో ఎప్పుడు పడతాయో, ఏ నెలలో ఎక్కువో, ఎంత లోతులో వల వేసినప్పుడో తనంతట తానే చెప్పాడట. యూనిఫాం వేసుకున్నవాళ్లు అడిగితే ఆ మాట బయటికి రాదు. చట్టం ప్రకారం శిక్ష పడుతుందని మత్స్యకారులకు భయం. వలలో చిక్కి చచ్చినదాన్ని తాడు కోసి నడిసముద్రంలోనే వదిలేస్తారు. కావాలని ఎవరూ పట్టరు, పడితే వాళ్లకే నష్టం, వల చిరుగుతుంది. వాళ్లతో వాళ్ల మాటలో, వాళ్లింటి పిల్లలా మాట్లాడగలిగిన మనిషికి మాత్రమే ఈ లెక్క దొరుకుతుంది. ఎంత ఖరీదైన పరికరం పెట్టినా దొరకదు.

అలాంటి పిల్లలనే మనం వదులుకుంటున్నాం. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఇంకో అమ్మాయి గురించి చెబుతాను. తండ్రి ఆటో నడుపుతారు. క్లాసులో ఎముకల పాఠం అయ్యాక తిమింగలం ముందు రెక్కలో కూడా మన చేతి ఎముకలే ఉంటాయని విన్న రోజు నుంచి ఆ పిల్లకి ఇదే ధ్యాస. లైబ్రరీ కంప్యూటర్‌లో కూర్చుని తోకల ఫోటోలు పోల్చడం సొంతంగా నేర్చుకుంది. ఒక సంస్థలో మూడు నెలల సీజన్ పనికి ఇంటర్వ్యూ పాసయింది. ఆ తర్వాత మెయిల్ వచ్చింది, ఖర్చులన్నీ తనవేనని, పైగా ఫీజు కట్టాలని. నా దగ్గరికొచ్చి ఒక్కటే మాట అంది. "మూడు నెలలు ఇంటికి డబ్బు పంపకుండా ఉండగలను మేడమ్, ఇంటి నుంచి తెప్పించుకోలేను." ఇప్పుడు అమీర్‌పేటలో కోర్సు చేసి గచ్చిబౌలిలో మెడికల్ కోడింగ్ చేస్తోంది. అది గౌరవమైన పనే, ఇంటికి ఆసరా అయింది. కానీ ఆ సీటులోకి ఎవరు వెళ్లారు? డబ్బు పెట్టుకోగలిగిన ఇంటి పిల్ల ఎవరో వెళ్లి ఉంటుంది. ఆ పిల్ల తప్పేమీ లేదు. ఇలా ఏటా జరుగుతూ పోతే సముద్ర శాస్త్రం కలిగినవాళ్ల పిల్లల చదువుగా మిగిలిపోతుంది. తీరం ఊళ్ల పిల్లలు, జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు, తెలుగు మీడియం పిల్లలు అందులో కనపడరు.

జీతం ఇవ్వలేని చిన్న స్వచ్ఛంద సంస్థల మీద నాకు కోపం లేదు. చందాలతో నడిచేవాళ్లు ఎక్కడి నుంచి తెస్తారు? నేను అడుగుతున్నది మిమ్మల్ని, ప్రభుత్వ బడ్జెట్‌తో నడిచే మిమ్మల్ని.

తీరం లేని తెలంగాణకు ఇందులో ఏం పని అని విద్యాశాఖ వారికి అనిపించవచ్చు. మన సముద్ర సమాచారంలో చాలా భాగం ఈ ఊళ్లోనే తయారవుతోంది. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్, అంటే జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, 1999లో ఏర్పడింది. 2007 నుంచి దేశానికి సునామీ హెచ్చరికలు అక్కడి నుంచే వెళ్తున్నాయి. చేపలు ఎక్కడ దొరికే అవకాశం ఉందో మత్స్యకారులకు చెప్పే సూచనలూ అక్కడివే. అత్తాపూర్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వారి లాకోన్స్ వన్యప్రాణి ల్యాబ్‌లో చిన్న కణజాలం ముక్క నుంచి అది ఏ జంతువుదో డీఎన్‌ఏ పరీక్షతో తేలుస్తారు. ఒడ్డుకొచ్చిన తిమింగలం చర్మం గోరంత ముక్క సరిగ్గా భద్రం చేసి పంపితే జాతి తేల్చే నైపుణ్యం మన ఊళ్లోనే ఉంది. ఆ ముక్క తీసి సీసాలో వేసే శిక్షణ ఉన్న చేతులు తీరంలో కావాలి, అంతే.

ఇంకోటి, మూసీ. అంబర్‌పేట దగ్గర, నదికి దగ్గర్లో ఉన్న ఒక ప్రభుత్వ బడికి మా కాలేజీ పిల్లలతో వెళ్లాను. 24 మీటర్ల నైలాన్ తాడు తీసుకెళ్లాం. మన సముద్రాల్లో తిరిగే నీలి తిమింగలం రకం దాదాపు అంత పెరుగుతుంది. ఒక కొస గేటు దగ్గర పట్టుకుని గ్రౌండ్‌లో పరుచుకుంటూ పోయాం. తాడు ఇంకా అయిపోలేదని తెలిసేకొద్దీ పిల్లలు దాని వెంట నడవడం మొదలుపెట్టారు. ఆరో తరగతి, ఏడో తరగతి మొత్తం తాడు పొడవునా నిలబడ్డారు. కన్ను ఎక్కడుంటుందో అక్కడ ఒక పిల్లవాణ్ణి, ఊపిరి రంధ్రం దగ్గర ఒకమ్మాయిని నిలబెట్టాం. "గంత పెద్దగుంటే ఊపిరి ఎట్ల తీస్కుంటది మేడమ్?" అని ఒకడు. "తల్లి పాలు నీళ్లల్ల ఎట్ల తాగుతది?" అని ఇంకొకతె. చివర్లో, అప్పటిదాకా మాట్లాడని ఒక పిల్లవాడు, "మా మూసీల పడ్డ చెప్పు గా తిమింగలం దాంక పోతదా?" అని అడిగాడు.

పోతుంది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ పులిచింతల, ప్రకాశం బ్యారేజీ దాటి హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. మధ్యలో ఆనకట్టలు కొంత ఆపుతాయి, వరదొచ్చినప్పుడు అదీ పోతుంది. నల్లబల్ల మీద ఈ దారి గీస్తుంటే ఆ పిల్లలు తమ ఇళ్లు ఎక్కడున్నాయో చూపించుకున్నారు. తిమింగలం చేప కాదు, క్షీరదం అన్న ఒక్క వాక్యం దగ్గర మనలో చాలామంది చదువు ఆగిపోయింది. ఆ గంటలో ఈ పిల్లలు దాన్ని దాటి వెళ్లిపోయారు. నేను పుస్తకం చదివి చెప్పాను. నా బదులు ఒడ్డున డాల్ఫిన్‌ను కొలిచిన పిల్ల వచ్చి చెబితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇక ఇది ఎలా కుదురుతుందో చెబుతాను.

ఈశాన్య రుతుపవనాలు వెళ్లాక జనవరి నుంచి మన తీరంలో సముద్రం కాస్త శాంతిస్తుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చేదీ అప్పుడే. ఒక్కో గూటిలో వంద దాకా గుడ్లుంటాయి, 45 నుంచి 60 రోజుల్లో పిల్లలవుతాయి. అంటే రాత్రిళ్లు ఒడ్డు వెంట నడిచి గూళ్లు గుర్తించే పని, ఆ గుడ్లను భద్రంగా పొదిగించే హేచరీ పని ఏప్రిల్, మే దాకా ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. మత్స్యకారులు ఊళ్లలో ఉండి, కూర్చుని మాట్లాడటానికి తీరిక దొరికే రోజులు అవే. వలల్లో పడే డాల్ఫిన్ల గురించి, చూసిన తిమింగలాల గురించి ఊరూరా అడిగి రాసుకోవడానికి అంతకన్నా మంచి సమయం లేదు. నిషేధం ముగిసే వారంలోనే, జూన్ 12న, తెలంగాణలో బడులు తెరుస్తారు. తీరం పని అయిపోయిన పిల్లలు సరాసరి బడుల్లోకి రావచ్చు. డిసెంబరు దాకా వారానికి కొన్ని బడుల చొప్పున తిరిగి పాఠాలు చెబుతూ, మిగతా రోజుల్లో ఆ సీజన్ ఫోటోలు, లెక్కలు ఇన్‌కాయిస్ లాంటి చోట కూర్చుని కంప్యూటర్‌కి ఎక్కించవచ్చు. రెండు పనులూ క్యాలెండర్‌లో ఇంత చక్కగా అతుకుతుంటే వాటిని విడివిడిగా, జీతం లేకుండా నడపడానికి నాకు కారణం కనపడటం లేదు.

డబ్బు సంగతి. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) పరిశోధకులకు నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. డిగ్రీ పిల్లలకు అందులో సగం ఇచ్చినా చాలు. తీరంలో ఉన్నన్నాళ్లు ఉండటానికి చోటు, బీమా, లైఫ్ జాకెట్ మీరే ఇవ్వాలి. డిగ్రీ ఉన్నవాళ్లకు అప్రెంటిస్‌షిప్ పథకం ఇప్పటికే ఉంది, కనీస స్టయిపెండ్‌లో సగం కేంద్రం తిరిగి ఇస్తుంది. ఫ్యాక్టరీలకు, ఆఫీసులకు వాడుకుంటున్న ఆ పథకాన్ని సముద్రం పనికి వాడుకోవడానికి ఒక ఫైలు కదిలితే చాలు.

పైగా ఇది దండగ ఖర్చేమీ కాదు. వలల్లో తాబేళ్లు తప్పించుకునే ఏర్పాటు సరిగ్గా లేదని, సముద్రంలో పట్టిన మన రొయ్యల్ని అమెరికా 2019 నుంచి కొనడం లేదు. సముద్ర క్షీరదాల విషయంలోనూ ఆ దేశం 2016లో నిబంధన తెచ్చింది. చేపలు అమ్మే దేశం తన వలల్లో ఎన్ని డాల్ఫిన్లు, తిమింగలాలు పడుతున్నాయో, వాటిని కాపాడటానికి ఏం చేస్తోందో చూపించాలి. ఆ లెక్క చూపలేకపోతే నష్టం కాకినాడ, విశాఖ బోట్ల వాళ్లకే. లెక్క రాసే పిల్లలకు జీతం ఇవ్వడం కన్నా ఆ నష్టం చాలా పెద్దది.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఉండే టెన్షన్ కూడా నాకు తెలుసు. రాత్రిపూట ఒడ్డు మీద నడక అంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? ఇద్దరిద్దరుగా పంపండి, ఊరి మహిళా సంఘం వాళ్లను తోడు పెట్టి వాళ్లకూ కూలి ఇవ్వండి, బాధ్యత గల అధికారి నంబర్ ఇంట్లో వాళ్ల దగ్గర ఉండేలా చూడండి. ప్రభుత్వం పేరుతో ఆర్డర్ కాగితం ఉంటే చాలామంది తల్లిదండ్రులు పంపుతారు. ఏ ఆధారమూ లేని వాలంటీర్ పని అయితే పంపరు, నేనైనా పంపను.

అటవీశాఖ వారికి ప్రత్యేకంగా ఒక మాట. వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువుల కళేబరాన్ని తాకి నమూనా తీయాలంటే అనుమతి కావాలి, అది సరైన నిబంధనే. కానీ కళేబరం వచ్చాక అనుమతికి రాసుకుంటే ఈలోగా అది కుళ్లిపోతుంది, లేదా పూడ్చేస్తారు. ఎంపికైన పిల్లలకు శిక్షణ ఇచ్చి సీజన్ మొదట్లోనే పేరుపేరునా అనుమతి ఇవ్వండి. ప్రతి తీర మండలంలో ఫోన్ చేయాల్సిన నంబర్ ఒకటి పంచాయతీ గోడ మీద తెలుగులో రాయించండి. ఆ కొలతలు, ఫోటోలు చేరాల్సిన చోటు కూడా ఒకటే ఉండాలి.

ఎంపిక విషయంలో నేను గట్టిగా కోరేది ఇది. సగం సీట్లు తీరం మండలాల మత్స్యకార కుటుంబాల పిల్లలకు ఇవ్వండి. దరఖాస్తు తెలుగులోనూ ఉండాలి, ఇంటర్వ్యూ తెలుగులోనూ జరగాలి. ఒడ్డున డాల్ఫిన్‌ను కొలవడానికి, అంబర్‌పేట బడిలో పాఠం చెప్పడానికి, వల వేసే పెద్దాయనతో మాట్లాడటానికి కావాల్సిన భాష తెలుగే. రిపోర్టు ఇంగ్లిష్‌లో రాయడం ఆ ఏడాదిలో నేర్పవచ్చు. నేర్పడానికి నాలాంటి అధ్యాపకులు ఇష్టంగా వస్తారు, మాకు అదనంగా ఏమీ ఇవ్వక్కర్లేదు.

ఏడాది తర్వాత వీళ్లు వేరే ఉద్యోగాలకు వెళ్లిపోతారు కదా అని అంటారు. కొందరు వెళ్తారు. ఒకరు బీఈడీ చేసి టీచర్ అవుతారు, ఒకరు గ్రూప్స్ రాసి తహసీల్దార్ అవుతారు, ఒకరు ఊళ్లో బోటు కొనుక్కుంటారు. ఆ మండలం తీరానికి తిమింగలం కొట్టుకొచ్చిన రోజు ఆ తహసీల్దార్‌కు ఏం చెయ్యాలో తెలిసి ఉంటుంది. ఆ బోటు యజమాని వలలో డాల్ఫిన్ పడితే కోసి వదిలేసి ఊరుకోడు, చెబుతాడు. మిగిలిన కొద్దిమంది పరిశోధనలోనే ఉంటారు, మనకు కావాల్సినంత మంది వాళ్లే అవుతారు.

మొదటి ఏడాది పెద్ద సంఖ్య అక్కర్లేదు. ఇరవైమందితో మొదలుపెట్టండి. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా తీరంలో పదిచోట్ల ఇద్దరేసి, తర్వాత అదే ఇరవైమంది హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్ జిల్లాల ప్రభుత్వ బడుల్లో. జనవరి ఒకటిన పని మొదలవ్వాలంటే సెప్టెంబరులో ప్రకటన రావాలి, అక్టోబరులో ఇంటర్వ్యూలు, డిసెంబరులో శిక్షణ. ఫైల్ మీద చర్చకు నన్ను, మా పిల్లల్ని ఎప్పుడు పిలిచినా వస్తాం. ఆ డాల్ఫిన్ కొలతల కాగితం, ఫోటోలు కూడా తెస్తాను. మీలో ఒకరు తీసుకుని వాటిని ఒక రికార్డులో నమోదు చేయండి.

ఇట్లు,
ఒక జువాలజీ అధ్యాపకురాలు,
హైదరాబాద్